పొగగొట్టంలో రేకు

తాతబ్బాయి మేస్త్రీకి ఒక అలవాటుండేది. శిష్యులేదైనా అడిగితే నోటితో జవాబు చెప్పేవాడు కాదు. చేతులు గుడ్డకి తుడుచుకుని "పద" అనేవాడు. ఆ ఒక్క మాటకి లారీ షెడ్డులో అందరూ పనాపి చూసేవాళ్లు. ఆయన వెంట పోయినవాడెవడూ పోయినవాడిలా తిరిగి రాలేదు మరి.

ఒకనాటి పొద్దున ఆ మాట అబ్బులు వంతుకొచ్చింది. మేస్త్రీ దగ్గర పని నేర్చినవాళ్లలో అబ్బులు చెయ్యి చురుకు. నోరు ఇంకా చురుకు.

"మేస్త్రీ గారూ, ఇంజిను వదిలిన పొగ బయటికి పోవాలి కదండీ. ఆ పోయే గొట్టంలోనే కంపెనీవాడు అడ్డంగా రేకు పెట్టాడేంటండీ? ఊపిరాడకుండా పీక నొక్కడం కాదా అది?"

అడగడం ఇప్పుడే గానీ, చెయ్యాల్సింది వాడు ముందే చేసేశాడు. అక్క మొగుడు నూకరాజు లారీకి ఆ రేకు ఊడబీకాడు. మీట నొక్కితే పొగగొట్టాన్ని మూసేసి బండి జోరు తగ్గించే రేకది. డ్రైవర్లు ఎగ్జాస్ట్ బ్రేకంటారు. పనిలో పనిగా సైలెన్సరు కడుపులో అడ్డాలన్నీ కోసేసి లావుపాటి గొట్టం అతికించాడు. ఇంకేముంది, బండి రంకెలేసింది.

"మీ శిష్యుడు మిమ్మల్ని మించిపోయాడండీ!" అన్నాడు నూకరాజు మురిసిపోతూ. "రెండో గేరులో ఏడుస్తూ ఎక్కే ఘాటీ, నిన్న మూడో గేరులో ఎక్కేసింది. నిన్న ఖాళీగానే దిగాను, రేపు కొండ మీంచి వెదురు లోడు దింపాలి, చూడండి నా సామిరంగా!"

మేస్త్రీ చేతులు తుడుచుకున్నాడు.

"పద. రేపటి లోడులో సగం ఇవాళే దింపుదాం" అన్నాడు. లారీ ఎక్కేటప్పుడు ఆయన చంకలో ఒక గోనె మూట ఉంది. అదేమిటని అడిగే ధైర్యం అబ్బులుకి లేకపోయింది.

ఎక్కడం మాత్రం చెప్పుకోవలసిందే. బండి మూడో గేరు వదలకుండా ఘాటీ నెత్తికి చేరింది. పైన డిపోలో సగం వెదురు వేయించారు. దిగుడు మొదలయ్యే చోట అమ్మవారి రాయికి దణ్ణం పెట్టి, ముందు చక్రంతో నిమ్మకాయ తొక్కించాడు నూకరాజు. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు అన్నది లారీవాళ్లకి తాతల నాటి మాట. నూకరాజు ఆ మాట ఏనాడూ తప్పినవాడు కాడు. మూడో గేరులోనే బండి వదిలాడు. మేస్త్రీ ఆ గేరు చప్పుడు విన్నాడు, కిటికీలోంచి అడివి చూస్తూ కూర్చున్నాడు.

మొదటి మలుపు బాగానే తిరిగింది. రెండో మలుపులో నూకరాజు చెయ్యి అలవాటు కొద్దీ మీట మీదకి పోయింది. నొక్కాడు. బండిలో ఏ మార్పూ లేదు. మళ్లీ నొక్కాడు. వెనక వెదురు కిర్రుమని ముందుకు ఒరిగింది. తర్వాత బ్రేకు తొక్కడమే పనైపోయింది. కాసేపటికి గుడ్డ కాలిన వాసన కేబిన్లోకి వచ్చింది.

"గేరు తగ్గించు బావా!"

"పడట్లేదురా! పళ్లు కొరుకుతోంది!"

"బ్రేకు?"

"తొక్కుతూనే ఉన్నాన్రా నాయనా, కాలు నేలకంటుకుపోతోంది!"

ఎడమ పక్కన లోయ, అందులో చెట్ల తలలు. బావ ముఖం మీద నెత్తురు చుక్క లేదు. అబ్బులుకి, సాయంత్రం గుమ్మంలో నిలబడే అక్క కళ్లముందు కదిలింది. ఆమెకి ఏం చెప్పాలి? చెప్పడానికి తనైనా మిగులుతాడా? బండిని పట్టుకునే చెయ్యొకటుంటే దాన్ని నరికింది తనే, ఇంకెవరూ కాదు. వాడు డాష్‌బోర్డు పట్టుకుని ఊపిరి బిగబట్టాడు.

"నూకరాజూ, స్టీరింగు వదలకు. ఈ మలుపు దాటితే ఎదురెక్కుడుంది" అన్నాడు మేస్త్రీ, పక్కవాణ్ణి తమలపాకు అడిగినంత నెమ్మదిగా.

మలుపు ఎలా తిరిగిందో ఆ నూకరాజుకే తెలియదు. రోడ్డు నిజంగానే ఎదురెక్కింది. బండి రొప్పుతూ, రొప్పుతూ ఆగింది. అబ్బులు దూకి చక్రాల కింద రాళ్లు పెట్టాడు. బ్రేకు డ్రమ్ముల్లోంచి పొగ లేస్తోంది. నూకరాజు రోడ్డు పక్కన కూలబడి, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేశాడు.

"ఇది సగం లోడు. ఇక్కణ్ణుంచి కిందిదాకా ఎదురెక్కుడు లేదు" అన్నాడు మేస్త్రీ. గోనె మూట తెచ్చి అబ్బులు ముందు విప్పాడు. అందులో వాడు పీకి పారేసిన రేకు, దాని బోల్టులు, రెండు పానాలు ఉన్నాయి.

డ్రమ్ములు చల్లారేలోగా అబ్బులు రేకు బిగించాడు. మీట నొక్కించి, గొట్టం మూసుకుంటోందని రెండుసార్లు చూసుకున్నాడు. అప్పుడు మేస్త్రీ వైపు తిరిగాడు.

"నోటితో చెబితే విననా మేస్త్రీ గారూ? ఇంత భయపెట్టాలా?"

మేస్త్రీ బండెక్కి తలుపు వేసుకున్నాడు.

"నువ్వడిగింది ఊపిరి సంగతి కదరా అబ్బులూ. ఇందాక దిగేటప్పుడు నువ్వొక్కసారైనా ఊపిరి వదిలావా?"