కోటగోడ వెనుక పందులు

అనగనగా, రాజు బంగారు పళ్లెంలో భోంచేసే రోజుల్లో, కుందనపురి అనే నగరం ఉండేది. అక్కడ గుర్రాలకు శాల ఉండేది, ఏనుగులకు శాల ఉండేది, రథాలకు కూడా శాల ఉండేది. మనుషులకు మాత్రం మరుగుదొడ్డి ఉండేది కాదు. మగవాళ్లు కోటగోడ వెనక్కి పోయేవారు. ఆడవాళ్లు పొద్దుగూకేదాకా బిగబట్టుకునేవారు.

గోడ వెనుక కంపు రాజుగారి ముక్కుకు తగలకూడదు కదా! అందుకని పందులు పెంచే నాంచారికి ఒక ఆజ్ఞ. తన మందలో సగాన్ని రోజూ అక్కడికి తోలాలి. అవి తిని శుభ్రం చేయాలి. ఇందుకు కొలువులో ఒక్కరికీ సిగ్గు వేయలేదు.

నాంచారి పందిని అమ్మేముందు దాని నోట్లో కర్ర అడ్డం పెట్టి, నాలుక బయటికి లాగి, అడుగున వేలితో తడిమేది. నున్నగా ఉంటే అమ్మేది. బియ్యపుగింజల్లాంటి బొడిపెలు తగిలితే అది పురుగు పట్టిన పంది. దాన్ని చంపి పాతిపెట్టేది. ఆ విద్య వాళ్లమ్మ నేర్పింది.

యుద్ధం గెలిచిన విందుకు వంటశాల పెద్ద గుండప్ప వచ్చి, కోటగోడ దగ్గర బలిసిన పందిని చూపించాడు.

"దాని నాలుక నిండా గింజలే, వద్దయ్యా" అంది నాంచారి.

"పందులు కాసుకునేదానివి, నాకు వంట నేర్పుతావా?" అని పట్టుకుపోయాడు.

సేనాపతి కొడుకు పెళ్లికి మళ్లీ వచ్చాడు. ఆమె మళ్లీ వద్దంది. అతను మళ్లీ పట్టుకుపోయాడు.

రాజు పుట్టినరోజుకు మూడోసారి వచ్చాడు. "కనీసం బాగా ఉడికించండయ్యా!" అని బతిమాలింది.

"సగం కాలిస్తేనే భటులకు రుచి. పోవే!" అన్నాడు.

కొన్నాళ్లకు భటులు ఒక్కొక్కరే మూర్ఛతో పడిపోసాగారు. చివరికి, పంది మాంసం ముట్టని మహారాణి కూడా నురగలు కక్కుతూ పడిపోయింది.

"ఆ నాంచారి చేతబడే!" అన్నాడు గుండప్ప. పందులన్నిటినీ చంపి, ఆమెను దేశం దాటించమన్నాడు రాజు. ఆడదాని మాట మూడుసార్లు చెవిన పెట్టని కొలువు, ఆడదాని మీద నేరం మోపడానికి మాత్రం మూడు క్షణాలు ఆగలేదు.

నాంచారి మూడు పందుల్ని సభలోకి తోలుకొచ్చింది. "శిక్ష వేసేముందు వీటి నాలుకలు తడిమి చూడండి దొరా!"

మొదటిది దొడ్లో తవుడూ గంజీ తిన్నది. నాలుక నున్నగా ఉంది. రెండోది కోసిన చేలల్లో దుంపలు తవ్వుకున్నది. అదీ నున్నగానే ఉంది. మూడోది కోటగోడ వెనుకది. రాజు వేలు పెట్టి ఉలిక్కిపడ్డాడు.

అప్పుడు ఆ పంది నోరు విప్పింది. "ప్రభూ, ఈ పురుగు మీ వాళ్ల కడుపులోంచే వచ్చింది. వాళ్లు విడిచింది నేను తిన్నాను. మా అన్నల్ని సగం కాల్చి వాళ్లు తిన్నారు. ఇందులో నా తప్పేమిటి?"

"మరి రాణి ఏం తప్పు చేసింది?" అని రాజు గర్జించాడు.

"అమ్మగారికి దోసకాయ ముక్కలు కోసేదెవరు దొరా?" అంది నాంచారి. "గుండప్పా, ఆ సగం కాలిన మాంసం నువ్వూ తిని కడుపులో పురుగు పెంచుకున్నావు. గోడ వెనక నుంచి వచ్చాక ఏనాడైనా చేతులు కడిగావా? కంటికి కనపడని పురుగు గుడ్లు నీ చేతుల నుంచే ఆమె కడుపులోకీ, భటుల కడుపుల్లోకీ, అక్కణ్ణించి తలల్లోకీ ఎక్కాయి."

గుండప్ప చేతులు వెనక్కి దాచుకున్నాడు.

రాజు తలదించుకుని శిక్ష రద్దు చేశాడు. గుండప్పను వంటశాల నుంచి తరిమేసి, ఊరంతా మరుగుదొడ్లు కట్టించమన్నాడు. "అవి పూర్తయ్యేదాకా నీ పందుల్ని పంపు" అన్నాడు.

"పంపను. నా పందులు మీ పాకీపని చేయవు. పారలు మీరే పట్టండి దొరా" అంది నాంచారి.

ఆ రోజు కుందనపురిలో మొదటి పార రాజే పట్టాడు.

నీతి: పందిని అసహ్యించుకునే ముందు, దాని నోటిముందు మనం ఏం పారేశామో చూసుకోవాలి.