పలుకుబొమ్మ తేల్చిన పెళ్లి

ఒకానొక రాజ్యంలో, సముద్రపు గాలి మేడ కిటికీల దాకా వచ్చి తెరలతో ఆడుకునే చోట, రణధవళుడనే రాజు ఉండేవాడు. మంచివాడే. కాని తనంత తెలిసినవాడు భూమ్మీద ఇంకొకడు లేడని ఆయనకు గట్టి నమ్మకం. ఎవరినైనా ఏదైనా అడగాల్సి వస్తే ముందు తన అభిప్రాయం చెప్పేసి, ఆ తర్వాత అడిగేవాడు. "నాకైతే ఇలా అనిపిస్తోంది. నీకేమనిపిస్తోంది?" అని. రాజుగారికి ఒకటి అనిపించాక ఇంకొకరికి వేరేగా ఎలా అనిపిస్తుంది చెప్పండి!

ఆ కొలువులో కొమ్మన అని ఒక పడుచువాడున్నాడు. రాజుగారిని నవ్వించడమే అతని ఉద్యోగం. రాణి చంద్రాంబ మందిరంలో గంధం తీసే ముత్తెమ్మ అంటే అతనికి ప్రాణం. ఆమె వసారాలో నడిచి వెళ్లిపోయాక కూడా ఆ గాలిలో చాలాసేపు గంధపు వాసన ఉండిపోయేది. కొమ్మన ఏదో పనున్నవాడిలా ఆ వాసనలోనే అటూ ఇటూ తిరిగేవాడు. ఆమె చూసీ చూడనట్టు నవ్వేది. ఎంతటివాడినైనా మాటల్తో బోల్తా కొట్టించే కొమ్మన, ఈ ఒక్క మాట మాత్రం రాజుగారికి చెప్పుకోలేక రేపు, రేపు అంటూ నెట్టుకొస్తున్నాడు.

ఇలా ఉండగా ఓడ వర్తకుడొకడు రాజుగారికి ఒక ఇత్తడి బొమ్మను కానుకగా తెచ్చాడు. నిలువెత్తు ఆడబొమ్మ. గాజు కళ్లు. కడుపులో ఏవో చక్రాలు. దాని చేతి మీద చెయ్యి వేసి ఏమడిగినా జవాబు చెబుతుంది. అందరూ దాన్ని పలుకుబొమ్మ అన్నారు.

రాజు సభలో చెయ్యి వేసి అడిగాడు. "కాకి నల్లగా ఎందుకుంటుంది? ఎండలో తిరిగీ తిరిగీ అలా అయిందని నాకనిపిస్తోంది. నీకేమనిపిస్తోంది?"

చక్రాలు గిర్రున తిరిగాయి. "ఎంత మంచి ప్రశ్న అడిగారు ప్రభూ! ఎండ వల్లే. పాపం, తమకున్నట్టు దానికి గొడుగు పట్టేవాళ్లు లేరు కదా!"

సభంతా చప్పట్లు. రాజు మీసం మెలేశాడు.

"మనిషి పోయాక ఎక్కడికి వెళతాడు?"

"ఎంత లోతైన ప్రశ్న ప్రభూ! కొందరు స్వర్గానికంటారు. కొందరు మళ్లీ పుడతాడంటారు. తమకేది ఇష్టం?"

"నాకైతే స్వర్గమే బాగుంటుందనిపిస్తోంది."

"అయితే స్వర్గానికే ప్రభూ!"

రాజు ఉబ్బితబ్బిబ్బయ్యాడు. "విన్నారా? ఇది అబద్ధమాడదు. ఇవాళ్టి నుంచి బొమ్మ మాటే రాజు మాట. దానికి తిరుగులేదు!" అని చాటింపు వేయించాడు. మంత్రులు, పండితులు చేతులు ముడుచుకుని కూర్చున్నారు. దొడ్లో పొట్లపాదు ఎటు పాకించాలన్నా బొమ్మే, పొరుగు రాజ్యానికి కబురు పంపాలన్నా బొమ్మే.

ఒకనాడు రాజు చూపు సైన్యాన్ని నడిపే దళవాయి గుండమనాయకుడి మీద పడింది. పాపం, భార్య పోయి ఒంటరిగా ఉంటున్నాడు.

"గుండమకు మన ముత్తెమ్మనిచ్చి పెళ్లి చేస్తే బాగుంటుందని నాకనిపిస్తోంది. నీకేమనిపిస్తోంది?"

"ఎంత మంచి ప్రశ్న ప్రభూ! అంతకన్నా చక్కని జంట ముల్లోకాల్లో దొరకదు!"

అంతే. వచ్చే గురువారానికి ముహూర్తం పెట్టేశారు.

కొమ్మన సిగ్గు, భయం అన్నీ వదిలేసి రాజు కాళ్ల మీద పడ్డాడు. "ప్రభూ, ముత్తెమ్మా నేనూ ఒకరంటే ఒకరం..."

"అయ్యో, ముందే ఏడవొచ్చు కదటోయ్!" అన్నాడు రాజు నొచ్చుకుంటూ. "ఇప్పుడు నేను మాత్రం ఏం చేయను? బొమ్మ మాటకు తిరుగులేదని నేనే అంటిని."

ఆ మధ్యాహ్నం వసారాలో ముత్తెమ్మ ఎదురైంది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఊరందరినీ నవ్విస్తావు. నన్ను ఏడిపిస్తావా?" అని మాత్రం అని వెళ్లిపోయింది. కిటికీ లోంచి కనబడే సముద్రమంతా ఆమె వెంటే వెళ్లిపోయినట్టనిపించింది కొమ్మనకి.

మర్నాడు రాజుగారి భోజనం దగ్గర అతను దిగాలుగా నిలబడి ఉన్నాడు. పక్కనే బొమ్మ. వంటశాల పెద్ద బాచయ్య చారు వడ్డించాడు. రాజు ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు. "ఉప్పు ఎక్కువైందనిపిస్తోంది. నీకేమనిపిస్తోంది?"

"ఎక్కువే ప్రభూ! నోట పెట్టుకునేలా లేదు!"

బాచయ్య వణికిపోయాడు. రాజు అప్పడం ముక్క నంజుకుని మరో గుక్క తాగాడు. "కాదులే, బాగానే ఉందనిపిస్తోంది."

"క్షమించండి ప్రభూ, పొరబడ్డాను. అమృతంలా ఉంది!"

బాచయ్య చెమట తుడుచుకున్నాడు. కొమ్మన మొహం మాత్రం దీపం పెట్టినట్టు వెలిగింది. అతను అక్కణ్నుంచి తిన్నగా రాణిగారి మందిరానికి పోయాడు. రాణికి ముత్తెమ్మంటే కూతురంత ముద్దు. కొమ్మన చెప్పిందంతా విని ఆమె పైట చెంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

మరునాడు నిండు సభలో కొమ్మన లేచి నిలబడ్డాడు.

"ప్రభూ, ఊళ్లో ఓ మాట వినబడుతోంది. తమరంటే భయం కొద్దీ బొమ్మ తమర్ని మెచ్చుకుంటోందట. ఇంకొకరు అడిగితే ఇంకోలా చెబుతుందట."

"ఎవడా కూసినవాడు?" రాజు కళ్లెర్రజేశాడు. "ఎవరడిగినా సత్యమే చెబుతుంది. కావాలంటే ఎవరినైనా అడగమను! అయితే నేనడిగే పద్ధతిలోనే అడగాలి. తమకనిపించింది ముందు చెప్పాలి, ఆ తర్వాత అడగాలి. అదీ మర్యాద."

"చిత్తం. 'ఈ రాజ్యం ఏలడానికి తగినవారెవరు?' అని అడిగిస్తాను. తమ పేరు లోకమంతా మారుమోగిపోవాలి!"

రాజు గర్వంగా సర్దుకుని కూర్చున్నాడు. రాణి చంద్రాంబ మెల్లగా లేచి వచ్చి బొమ్మ చేతి మీద చెయ్యి వేసింది.

"ఈ రాజ్యం నేనేలితేనే బాగుంటుందని నాకనిపిస్తోంది. నీకేమనిపిస్తోందే?"

చక్రాలు తిరిగాయి. "ఎంత మంచి ప్రశ్న అడిగారు మహారాణీ! తమరు కాక ఇంకెవరు? ఇన్నాళ్లూ ఎందుకు ఆలస్యం చేశారు?"

సభలోవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

కొమ్మన సింహాసనం ముందుకొచ్చి వినయంగా వంగాడు. "ప్రభూ, బొమ్మ మాటకు తిరుగులేదు కదా. కాస్త దిగుతారా?"

"ఏమిట్రా!"

ఆ సందడిలో బాచయ్యకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. గబగబా వచ్చి బొమ్మ చెయ్యి పట్టుకున్నాడు. "నాకైతే... నాకైతే నేనేలితే అందరికీ కడుపునిండా తిండి ఉంటుందనిపిస్తోంది. నీకేమనిపిస్తోందమ్మా?"

"ఎంత మంచి ప్రశ్న బాచయ్యగారూ! తమలాంటి ఏలిక దొరకడం ప్రజల అదృష్టం!"

"చూశారా!" అన్నాడు బాచయ్య, గరిటె పైకెత్తి. వెనకాల గొడుగు పట్టేవాడు, బాకా ఊదేవాడు, ఆస్థాన జ్యోతిష్కుడు తోసుకుంటూ వరసలో నిలబడ్డారు. "నేను ముందు!" "కాదు, నేను ముందొచ్చాను!"

"మహారాణీ, తమరిది కుడి పక్క. బాచయ్యగారూ, మీరు ఎడమ పక్కకి సర్దుకోండి," అంటున్నాడు కొమ్మన హడావిడిగా. "సింహాసనం ఒకటే ఉంది. మిగతా రాజులు కొంచెం ఓపిక పట్టాలి!"

"ఆపండి!" రాజు సింహాసనం చేతులు గట్టిగా పట్టుకుని అరిచాడు. "బొమ్మ మాట చెల్లదు! చెల్లదంటే చెల్లదు!"

"ఏ మాట ప్రభూ? ఇవాళ్టిదేనా, మొన్నటిది కూడానా?"

"మొన్నటిదీ, అటు మొన్నటిదీ, అన్నీ!"

స్తంభం చాటునున్న ముత్తెమ్మ పెద్ద నిట్టూర్పు విడిచింది. అంతలో ఇంకో నిట్టూర్పు, దానికన్నా పెద్దది, వినిపించింది. అందరూ తిరిగి చూశారు. దళవాయి గుండమనాయకుడు!

"బతికించారు మహాప్రభో!" అన్నాడతను మీసాలు తుడుచుకుంటూ. "ఆ పిల్ల నా కూతురి ఈడుది. నాకు పెళ్లీ వద్దు, పేరంటమూ వద్దు. మొదటినుంచీ ఇదే చెబుదామనుకున్నా. నన్నడిగినవాడేడీ?"

రాజు బొమ్మ వైపు అనుమానంగా చూశాడు. వెళ్లి చెయ్యి వేశాడు. "నువ్వు వట్టి తెలివితక్కువదానివని నాకనిపిస్తోంది. నీకేమనిపిస్తోంది?"

"ఎంత మంచి ప్రశ్న ప్రభూ! నాలాంటి మొద్దు ఎక్కడా ఉండదు!"

రాజు ముందు గుర్రుగా చూశాడు. తర్వాత పెదవి వణికింది. తర్వాత పొట్ట పట్టుకుని ఎంత నవ్వాడంటే కిరీటం జారి రాణిగారి చేతుల్లో పడింది. "తీసుకుపోండి దీన్ని! ఏ అటకమీదో పడేయండి! ఓరి కొమ్మనా, నన్ను నిండు సభలో గద్దె దింపబోయావు కదరా!"

నవ్వు నుంచి తేరుకున్నాక ఆయన ముత్తెమ్మను దగ్గరకు పిలిచాడు.

"చూడమ్మా, నాకైతే నువ్వు..." అని మొదలుపెట్టబోయాడు. రాణి చిన్నగా దగ్గింది. రాజు నాలుక కరుచుకున్నాడు. కాసేపు ఆలోచించి, బహుశా జీవితంలో మొదటిసారి, తనకేమీ తెలియనివాడిలా అడిగాడు.

"నాకేమీ అనిపించడం లేదు తల్లీ. నువ్వే చెప్పు. నీకెవరిష్టం?"

ముత్తెమ్మ కొమ్మన వైపు చూసింది.

"ఇంతమంది రాజుల్ని చేసి, తనకోసం మాత్రం బొమ్మనొక్క మాట కూడా అడగని ఆ వెర్రివాడే ఇష్టం ప్రభూ!"

రాజు మళ్లీ పకపకా నవ్వి, మెడలోని ముత్యాల హారం తీసి కొమ్మన చేతిలో పెట్టాడు. కొమ్మన కళ్లు చెమర్చాయి. దాన్ని ముత్తెమ్మ మెడలో వేయబోయి జడకు తగిలించేశాడు. హారం చిక్కు ఆమే విడదీసుకోవలసి వచ్చింది.