కీడుకు దొరకని ఇల్లు

చైనా దేశంలో, గుట్ట అన్నది మచ్చుకైనా లేని ఒక పల్లెలో షూమెయ్, ఆమె మొగుడు గువాంగ్, మరిది పెంగ్ ఉండేవాళ్ళు. ఊళ్ళో తెలివంతా తమ ఇంట్లోనే ఉందని ముగ్గురికీ గట్టి నమ్మకం. "పక్కింటివాళ్ళకి వానొస్తే గానీ గొడుగు గుర్తురాదు. మనమో, ఎండాకాలంలోనే తడిసి చూసుకుంటాం!" అని షూమెయ్ గొప్పలు పోయేది.

ఆ ఏడు వాళ్ళ కోళ్ళన్నీ తెగులొచ్చి చచ్చాయి. మిగిలింది ఒక్క పంది. దానికేమవుతుందోనని షూమెయ్‌కి ఒకటే బెంగ. పొరుగూరి నుంచి ఆమె పెద్దమ్మ వచ్చి చెప్పింది: "తొమ్మిదో నెల తొమ్మిదో రోజు పండగొస్తోందిగా. ఆ రోజు ఇళ్ళ మీదికి కీడొస్తుందంటారు. ఇంట్లో ఎవరూ ఉండకూడదు. పొద్దున్నే ఎత్తైన చోటు ఎక్కండి. పిండిరొట్టె నుదుటికి ఆనించి 'పైకి, ఇంకా పైకి' అని దీవించుకోండి. మధ్యాహ్నం నేనొచ్చి చూస్తా."

పండగ రానే వచ్చింది.

"గుట్టే లేదు, ఎక్కడెక్కాలే?" అన్నాడు గువాంగ్.

"ఇంటి కప్పు లేదూ! ఇంట్లో ఉండొద్దంది గానీ ఇంటి మీద ఉండొద్దందా?" అంది షూమెయ్. తన బుర్ర తనకే ముద్దొచ్చింది. అంతే, నిచ్చెనేసుకుని ముగ్గురూ గడ్డికప్పు ఎక్కారు.

"వదినా, పంది ఇంట్లోనే ఉండిపోయింది!" అన్నాడు పెంగ్.

"ఎవరూ ఉండకూడదంది. పంది కూడా 'ఎవరో ఒకరు' అన్న లెక్కలోకొస్తుందా?" అని గువాంగ్ అనుమానం.

"పేరు పెట్టుకున్నాంగా! పేరున్నాక ఎవరో ఒకరే!" అంది షూమెయ్.

ఇంకేముంది, తాడేసి పందిని పైకి లాగారు. కప్పు కిర్రుమంది.

షూమెయ్ పొగలు కక్కుతున్న రొట్టె తీసి మరిది నుదుటికి ఆనించి "పైకి!" అంది. పెంగ్ కెవ్వుమని ఎగిరాడు.

"అబ్బ, ఎంత మహిమ! అప్పుడే పనిచేసింది," అని మురిసిపోయి మళ్ళీ ఆనించింది. "ఇంకా పైకి!"

పెంగ్ ఇంకా పైకి ఎగిరాడు. కిందికొచ్చేసరికి కప్పుకి పెద్ద కంత పడింది. అందులోంచి పందీ, దాంతోపాటు రొట్టే జారి ఇంట్లో గడ్డిమోపు మీద పడ్డాయి.

"లోపలికెళ్ళి తోలుకొస్తా," అన్నాడు గువాంగ్.

"వెళ్తే నువ్వూ ఇంట్లో ఉన్నట్టేగా!" అంది షూమెయ్. కీడొచ్చే వేళైంది. పాపం, పంది ఒక్కతే. అంతలో ఆమెకి తట్టింది. "ఇల్లంటూ ఉంటేనే కదా అది ఇంట్లో ఉన్నట్టు? ఇల్లే తీసేద్దాం!"

అంతే, ముగ్గురూ దిగి గునపాలు పట్టారు. గడ్డికప్పు లాగిపారేసి, గోడలన్నీ బయటికి పడగొట్టేశారు. మధ్యలో పంది నిక్షేపంగా నిలబడి రొట్టె తింటోంది.

మధ్యాహ్నం పెద్దమ్మ వచ్చి నోరు తెరిచింది. "ఇల్లేదే?"

"కీడు కూడా ఇలాగే అడిగి వెళ్ళిపోతుంది పెద్దమ్మా!"

పెద్దమ్మ నెత్తి కొట్టుకుంది. "మీ తెలివి తగలెయ్య! పదండి, మా ఇంటికి. కాలు బెణికి మీ పెదనాన్న ఒక్కడే ఉన్నాడు."

"ఎక్కడ?"

"ఎక్కడేంటే, ఇంట్లో!"

షూమెయ్ మొహం పాలిపోయింది. "అయ్యో, పండగపూట మనిషిని ఇంట్లో వదిలేసి వచ్చావా! పదండి!"

ముగ్గురూ గునపాలు భుజానేసుకుని పొరుగూరికేసి పరుగందుకున్నారు.

"ఆగండర్రా! మాది పెంకుటిల్లు!" అని వెనకాల పెద్దమ్మ గావుకేక పెట్టింది.

"పెంకుటిల్లట, ఆలస్యమవుతుంది! తొందరగా పదండి," అన్నాడు గువాంగ్.