ఉయ్యాల స్ప్రింగు

పిల్లలూ, మీరు పెరుగుతున్న ఊళ్ళో సముద్రం లేదు. ఉప్పుగాలికి కిటికీ ఊచలు ఎర్రబడి పొరలు పొరలుగా రాలడం మీరెప్పుడూ చూడలేదు. అందుకే ఈ కథ మీ చెవిన పడే దారి లేకపోయింది. ఇప్పుడు చెబుతాను, వినండి.

విశాఖపట్నంలో, గాజువాక దగ్గర, రహంతుల్లా ఉస్తాదుకి ఒక షెడ్డు ఉండేది. ఇనుప సామానుకు తుప్పు పట్టకుండా జింకు పూత వేసే షెడ్డు. సామానును ముందు యాసిడ్‌లో ముంచి, ఉన్న తుప్పు వదిలిస్తారు. తర్వాత కడిగి, జింకు పలకలు వేలాడే తొట్టిలోకి దించి కరెంటు ఇస్తారు. పలకల్లోని జింకు కొద్దికొద్దిగా కరిగి వచ్చి ఇనుము మీద పొరగా పరుచుకుంటుంది.

పగలు ఆ పని. గురువారం సాయంత్రాలు మాత్రం ఉస్తాదు కరెంటు కట్టేసి, చాప పరిచేవాడు. మనసు బాగులేనివాళ్ళు వచ్చి ఆయన దగ్గర కూర్చునేవారు. ఆయన పెద్దగా మాట్లాడేవాడు కాదు. టీ పోసి ఇచ్చేవాడు. చాలామందికి అదే సరిపోయేది.

కనకారావుకి సరిపోలేదు. అతను తొట్టి దగ్గరా ఆయన శిష్యుడే, చాప మీదా ఆయన శిష్యుడే. పెళ్ళయిన చాలా ఏళ్ళకు అతనికి ఆడపిల్ల పుట్టింది. ఆ రోజు నుంచి మనిషికి కుదురు లేదు. నిద్రపోతున్న పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసేవాడు. చూసి వచ్చి పడుకుని, మళ్ళీ లేచేవాడు. గుమ్మం దగ్గర బకెట్టూ సబ్బూ పెట్టాడు. చేతులు కడుక్కోనిదే ఎవరినీ లోపలికి రానిచ్చేవాడు కాదు. కడుక్కున్నా, ఇంకోసారి కడుక్కోమనేవాడు.

"ఉస్తాదూ, ఎంత శుభ్రం చేసినా ఏదో మిగిలిపోయిందనే అనిపిస్తోంది. దీనికి మందేటి?" అని అడిగాడు ఒక గురువారం.

ఉస్తాదు టీ పోసి ఇచ్చాడు.

బారసాల ముందురోజు పొద్దున్నే కనకారావు ఉయ్యాల స్ప్రింగులతో షెడ్డుకి వచ్చాడు. ఒకటి పాడైతే ఇంకొకటి ఉంటుందని రెండు కొన్నాడు. పై పూత తన చేత్తోనే వెయ్యాలని అతని కోరిక. కూతురి మీద తుప్పు నలుసు కూడా రాలకూడదు.

మొదటి స్ప్రింగును యాసిడ్‌లో ముంచాడు. తీసి, కడిగి, వెలుతురుకి పట్టి చూశాడు. చుట్టల మధ్య ఎక్కడో నల్లగా కనిపించి మళ్ళీ ముంచాడు. మళ్ళీ తీశాడు. మళ్ళీ ముంచాడు.

తొట్టి కడ్డీలకు సామాను కట్టే పైడమ్మ చూసి చూసి నోరు విప్పింది. "ఒరే కనకా, ఇనప ముక్కని పట్టుకుని ఎంతసేపురా ఆ ముంచడం? రేపు పిల్లని కూడా ఇందులో ముంచుతావేటి?"

"నీకేటి తెలుసు పిన్నీ, ఊరుకో."

"నాకు తెలీదులే. నీ పెళ్ళాన్నడిగితే తెలుస్తాది."

చివరికి స్ప్రింగు తొట్టిలోకి వెళ్ళింది. పైకి తీసేసరికి వెండిలా తళతళలాడుతోంది. కనకారావు ముఖం కూడా అలాగే ఉంది.

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. స్ప్రింగులకు పూత వేశాక, బీరువాలాంటి ఓవెన్‌లో పెట్టి సాయంత్రం దాకా వేడిలో ఉంచాలి. యాసిడ్‌లో మునిగినప్పుడు గట్టి ఇనుము ఒక రకం గాలిని లోపలికి పీల్చుకుంటుందనీ, ఎంతసేపు మునిగితే అంత పెళుసవుతుందనీ, వేడిలో ఓపిగ్గా ఉంచితేనే ఆ గాలి వదులుతుందనీ ఉస్తాదు అనేవాడు. కనకారావు ఇన్నాళ్ళూ బోల్టుల పనే చేశాడు. బోల్టులది మెత్తని ఇనుము, వాటికి ఓవెన్ అక్కర్లేదు. ఆ వేడి తడి ఆర్చడానికేననీ, మిగతాది పెద్దాయన చాదస్తమనీ అతను అనుకున్నాడు. పైగా ఓవెన్‌లో పెడితే మెరుపు తగ్గుతుంది. స్ప్రింగును గుడ్డతో తుడిచి, సంచిలో పెట్టుకున్నాడు.

"ఏదీ, ఇలా తే బేటా," అన్నాడు ఉస్తాదు.

చేత్తో తిప్పి చూశాడు. పై దూలానికున్న కొక్కేనికి తగిలించాడు. బకెట్టులో జింకు ముక్కలు వేసి స్ప్రింగుకి వేలాడదీశాడు.

"పాప అంత బరువెక్కడుంది ఉస్తాదూ?"

"పాప పెరగదా?"

స్ప్రింగు సాగి, ఊగి, నిలబడింది. కనకారావు ఊపిరి వదిలాడు. "చూశారా!"

ఉస్తాదు టీ పోశాడు. "కూర్చో."

కనకారావు కూర్చోలేదు. ఇంటికి వెళ్ళాలి, ఉయ్యాల కట్టాలి, కట్టిన చోట గోడ తుడవాలి, అత్తగారు తెచ్చిన బొంత మళ్ళీ ఉతకాలి. నిలబడే టీ పట్టుకుని ఒక్కొక్కటీ చెబుతున్నాడు. ఉస్తాదు వింటున్నాడు.

టప్పుమని చప్పుడైంది.

ఎవరూ ముట్టుకోలేదు. గాలైనా వీచలేదు. స్ప్రింగు నడిమికి తెగి, బకెట్టు నేల మీద బోర్లా పడింది. జింకు ముక్కలు షెడ్డంతా దొర్లాయి. కొక్కేనికి మిగిలిన సగం మెరుస్తూ ఊగుతోంది.

పైడమ్మ వంగి జింకు ముక్కలు ఏరసాగింది.

కనకారావు కొక్కెం వైపు చూడలేదు. కింద, బకెట్టు పడిన చోటే చూస్తూ ఉండిపోయాడు.

ఉస్తాదు అడిగాడు. "రెండోది ఉందా?"

ఉంది. ఈసారి యాసిడ్ తొట్టి దగ్గర ఆయనే నిలబడ్డాడు. ముంచిన కాసేపటికే తియ్యమన్నాడు.

"ఇంకా నల్లగా ఉంది ఉస్తాదూ. ఒక్కసారి..."

"చాలు."

పూత పూర్తయింది. తుడిచి, ఓవెన్‌లో పెట్టి తలుపు వేశారు.

"ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

"కూర్చో."

"ఊరికేనా?"

"అదే నీకు రానిది. నేర్చుకో."

కనకారావు ఓవెన్ ఎదురుగా కూర్చున్నాడు. లేచాడు. కూర్చున్నాడు. అత్తగారు ఫోన్ చేసి, ఉయ్యాల ఎప్పుడు తెస్తావని కేకలేసింది. లోపల ఏమవుతోందో ఒక్కసారి చూద్దామని ఓవెన్ తలుపు మీద చెయ్యి వేశాడు. ఉస్తాదు వచ్చి ఆ చేతి మీద తన చెయ్యి వేశాడు. యాసిడ్‌కి మచ్చలు పడిన పాత చెయ్యి.

"శుభ్రం చేసింది చాలు బేటా. ఇక వెచ్చగా ఉండనీ."

పొద్దు వాలాక స్ప్రింగు బయటికి వచ్చింది. మెరుపు లేదు, బూడిద రంగుగా ఉంది. దానికీ అదే బకెట్టు వేలాడదీశారు. అందరూ వెళ్ళిపోయినా కనకారావు అక్కడే కూర్చున్నాడు. అతనూ ఉస్తాదూ మళ్ళీ టీ తాగారు. బకెట్టు మెల్లగా ఊగుతూనే ఉంది.

మర్నాడు బారసాలకి పైడమ్మ వచ్చింది. గుమ్మం దగ్గర చేతులు కడుక్కుంది. కనకారావు ముఖం చూసి, అడక్కముందే మళ్ళీ మగ్గు అందుకుంది.

"కడుగుతాను బాబూ, కడుగుతాను. లేపోతే నన్ను గడప దాటనిస్తావా?"

కనకారావు ఆమె చేతిలోంచి మగ్గు తీసుకుని పక్కన పెట్టాడు. లోపలికి వెళ్ళి పిల్లను తెచ్చి, ఆ తడిచేతుల్లోనే పెట్టాడు. అతని భార్య వంటింటి గుమ్మంలోంచి చూస్తూ నిలబడిపోయింది.

పైడమ్మ తలెత్తి స్ప్రింగు చూసింది. "నిన్న అంత మెరిసిందిరా. ఆ మెరుపేదీ?"

"పోయింది పిన్నీ," అన్నాడు కనకారావు. "నువ్వే పడుకోబెట్టు."

పిల్లలూ, ఇంతే కథ. మీ చేతుల్లోకి ఒక పసిబిడ్డ వచ్చిన రోజున దీన్ని మీ పక్కనున్న వాళ్ళకి చెప్పండి. అర్థం విప్పి చెప్పకండి. స్ప్రింగు తెగిన దగ్గర కాస్త ఆగి, ఆ తర్వాత మిగతాది చెప్పండి.