శుభలేఖలో నక్క

పిల్లలకు పాఠం రాకపోతే అదే పాఠాన్ని ఇంకాస్త గట్టిగా చెప్పే హైమావతి టీచరు బూరుగువలస బడిలో పనిచేస్తూ ఉండేది. ఆవిడ మంచి మనిషే. ఒక్క రోజు కూడా ఊరికే సెలవు పెట్టేది కాదు. కాకపోతే గొంతు పెద్దది. ఆవిడ పాఠం మొదలుపెట్టిందంటే వీధి చివర పాలకేంద్రం వాళ్ళకు కూడా ఆ పాఠం వచ్చేసేది.

ఆ ఏడాది అయిదో తరగతిలో అయిదుగురు పిల్లలు చదువులో బాగా వెనకబడ్డారు. బడి వదిలాక వాళ్ళకు ఒక గంట విడిగా చెప్పమని హెడ్మాస్టరు అడిగారు. హైమావతి సంతోషంగా ఒప్పుకుంది. పుస్తకంలో నక్క పాఠం తీసి, ఒక్కో వాక్యం తాను చదివి, వాళ్ళ చేత చెప్పించేది. రాకపోతే మళ్ళీ చదివేది. అప్పటికీ రాకపోతే ఇంకా గట్టిగా చదివేది. నెల తిరిగేసరికి అయిదుగురూ పుస్తకం తెరిచి, అక్షరాల కింద వేలు పెట్టి, గడగడా చదవసాగారు. అందరికంటే వేగంగా చదివేది నూకరత్నం.

“చూశారా మాస్టారూ! మనకు ఓపికా గొంతూ ఉంటే రాని పిల్లలంటూ ఉండరు” అంది హైమావతి గర్వంగా.

నూకరత్నాన్ని పెంచుతున్నది వాళ్ళ మామ్మ పైడమ్మ. ఆవిడ నులక మంచాలు అల్లి బతికేది. ఆవిడకు అక్షరం ముక్క రాదు. మనవరాలైనా చదువుకోవాలని ఆవిడ ఆశ.

ఒకనాటి పొద్దున్న పైడమ్మ ఒక చేత్తో శుభలేఖ, ఇంకో చేత్తో నూకరత్నాన్ని పట్టుకుని క్లాసులోకి వచ్చేసింది.

“టీచరమ్మా, మా అన్న మనవడి పెళ్ళి శుభలేఖ ఇది. ముహూర్తం ఎప్పుడో చదివి చెప్పవే అన్నాను. ఈ పిల్ల ఏం చదివిందో అడగండి.”

“ఏం చదివింది మామ్మా?”

“పెళ్ళిలో నక్క ఉందంట!”

క్లాసంతా గొల్లుమంది. హైమావతి బల్ల మీద చరిచి అందరినీ ఊరుకోబెట్టింది.

“నువ్వు కసిరి ఉంటావు, భయపడి ఉంటుంది. నూకరత్నం బాగా చదువుతుంది. ఏదమ్మా, చదువు.”

నూకరత్నం శుభలేఖ మీద వేలు పెట్టింది. “అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక నక్క ఉండేది. దానికి ఆకలి వేసింది...” అంటూ ఎక్కడా ఆగకుండా చదువుకుపోయింది.

“పెళ్ళికొడుకు పేరు లక్ష్మణరావు టీచరమ్మా. నక్క అంటే మా వదిన ఊరుకోదు” అంది పైడమ్మ.

హైమావతికి నవ్వు రాలేదు. పుస్తకం తీసి, ఆ అయిదుగురిలో ఒకడైన గౌరీశు చేతికి తలకిందులుగా ఇచ్చింది. వాడూ నక్క పాఠం గడగడా చదివేశాడు. లోవరాజుకు వేరే పాఠం తీసి ఇచ్చింది. వాడి పాఠంలోకీ నక్క వచ్చింది. మిగిలిన ఇద్దరిదీ అదే వరస. నెల రోజులుగా వాళ్ళు నేర్చుకున్నది చదవడం కాదు, టీచరుగారి గొంతు!

“అయిదేళ్ళు బడికి పంపాను. ఇక చాలు” అంది పైడమ్మ. “రేపటి నుంచి నాతో మంచాలు అల్లుతుంది. చేతిపనైనా వస్తుంది.” నూకరత్నం ఏడుస్తూ వెనక్కి చూస్తున్నా వినకుండా ఇంటికి తీసుకుపోయింది.

ఆ సాయంత్రం హైమావతి వాళ్ళింటికి వెళ్ళింది. పైడమ్మ వాకిట్లో కూర్చుని మంచం అల్లుతోంది.

“పిల్లను మాన్పించకు మామ్మా. నా తప్పేం లేదు. ఒక్కో వాక్యం వందసార్లు చెప్పాను. గొంతు పోయేలా చెప్పాను” అంది హైమావతి.

పైడమ్మ తలెత్తి చూసింది. “అలాగా! అయితే ఇలా కూర్చోండి టీచరమ్మా. ఈ నులక పట్టుకోండి. రెండు పేటలు పైన, రెండు పేటలు కింద. అంతే. అల్లండి.”

ఇదేం పెద్ద విద్య అనుకుంది హైమావతి. చీర కొంగు దోపుకుని కూర్చుంది. రెండు పైన, రెండు కింద. నాలుగు వరసలు అల్లేసరికి నులక ఒక పక్కకు వంకర తిరిగింది.

“రెండు పైన, రెండు కింద!” అంది పైడమ్మ.

“అలాగే కదా అల్లుతున్నాను?”

“రెండు పైన! రెండు కింద!” ఈసారి పైడమ్మ ఇంకా గట్టిగా అరిచింది. ఎదురింటివాళ్ళు బయటకొచ్చి చూశారు. హైమావతికి చెమటలు పట్టాయి. మరో వరస అల్లింది. అది మరీ వంకర పోయింది.

“రెండు పైనా! రెండు కిందా!”

“నువ్వు అరిస్తే నాకు వస్తుందా మామ్మా? ఎక్కడ తప్పుతున్నానో చెప్పాలి గానీ!” అని విసుక్కుంది హైమావతి. ఆ మాట అనేసి, నులక చేతిలో ఉండగానే ఆగిపోయింది.

పైడమ్మ పకపకా నవ్వింది. పక్కకు జరిగి వచ్చి, నులక మీద వేలితో ఒక్కో వరసా వెనక్కి తడుముకుంటూ పోయింది. మూడో వరస దగ్గర వేలు ఆగింది.

“ఇదిగో, ఇక్కడ మూడు పేటలు పైన వేశారు. ఆ తర్వాతవన్నీ దీని వల్ల తప్పినవే. చివర పట్టుకుని లాగితే ఏం లాభం? ఇక్కడి దాకా విప్పండి.”

హైమావతి అక్కడి దాకా విప్పి అల్లింది. ఈసారి వరస చక్కగా కుదిరింది.

“మామ్మా, వేసవి సెలవుల దాకా నాకు గడువివ్వు” అంది ఆవిడ లేస్తూ.

“ఇస్తాను. సెలవులిచ్చే లోపల ఈ పిల్ల ఎప్పుడూ చూడని కాగితం ఒకటి చదవాలి. చదివితే పై బడికి పంపుతాను. లేకపోతే మంచాలే.”

మర్నాటి సాయంత్రం హైమావతి కుర్చీ పక్కకు నెట్టి పిల్లలతో పాటు చాప మీద కూర్చుంది. ఒక్కొక్కరినీ దగ్గరికి పిలిచి మెల్లగా అడగసాగింది. నూకరత్నానికి అక్షరాలన్నీ వచ్చు. గుణింతం దగ్గరకు వచ్చేసరికి దిక్కులు చూసింది.

“రెండో తరగతిలో గుణింతాలు చెప్పినప్పుడు ఎక్కడున్నావమ్మా?”

“పచ్చకామెర్లు వచ్చి ఇంట్లో ఉన్నాను టీచర్. నేను తిరిగొచ్చేసరికి అందరూ ముందుకెళ్ళిపోయారు.”

“మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?”

“మీరు అడగలేదు టీచర్.”

హైమావతికి మనసు చురుక్కుమంది. నూకరత్నాన్ని రెండో తరగతి పుస్తకం దగ్గరకు తీసుకెళ్ళింది. ఆ పిల్ల ఇంటి నుంచి నులక ముక్కలు తెచ్చి, అక్షరాల మీద గుడులూ కొమ్ములూ పెట్టి ఆడుకుంటూ నేర్చుకుంది. గౌరీశుకు నల్లబల్ల మీద రాత మసగ్గా కనిపిస్తోందని తేలింది. వాడికి కళ్ళజోడు వచ్చింది. దాన్ని పెట్టుకున్న మొదటి రోజు వాడు “టీచర్, మీ ముక్కు మీద మచ్చ ఉంది!” అని కేకేశాడు. లోవరాజుకు చాలా మటుకు వచ్చు. “మీరు గట్టిగా అంటే వచ్చింది కూడా పోతుంది టీచర్” అని చెవిలో చెప్పాడు. అప్పటి నుంచి వాడి దగ్గర హైమావతి కూడా గుసగుసగానే మాట్లాడేది. మిగిలిన ఇద్దరూ ఎక్కడ తప్పిపోయారో కూడా అలాగే అడిగి పట్టుకుంది. నేర్చుకున్నది అయిదుగురూ ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళు. ఆ గదిలోంచి ఇప్పుడు అరుపులకు బదులు నవ్వులు వినిపించేవి.

రేపు సెలవులనగా పైడమ్మ బడికి వచ్చింది. కిరాణా కొట్లో పంచుతున్న కాగితం ఒకటి తెచ్చి మనవరాలి ముందు పెట్టింది. నూకరత్నం వేలు పెట్టింది.

“శుక్ర... వారం. పంచా... పంచాయతీ ఆఫీసు...”

అక్కడ ఆగింది. హైమావతి నోటి దాకా వచ్చిన మాటను మింగేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నూకరత్నం మళ్ళీ మొదటి నుంచి చదువుకుంటూ వచ్చింది.

“...ఆఫీసు దగ్గర. పెద్ద... పెద్దవాళ్ళకు కంటి పరీక్షలు. కళ్ళజోళ్ళు ఉచి... ఉచితం!”

“ఇంకా వేగం రాలేదు మామ్మా. ఆగి ఆగి చదువుతోంది” అంది హైమావతి భయంగా.

“ఆగితే ఆగింది. ఎవరూ అందించకుండా తనే సర్దుకుని ముందుకెళ్ళింది కదా! ఏమే, శుక్రవారం నన్ను అక్కడికి తీసుకెళ్ళు. సెలవులయ్యాక పై బడిలో నేను నిన్ను చేరుస్తాను” అంది పైడమ్మ. నూకరత్నం ఎగిరి మామ్మ మెడ పట్టుకుంది. ఇద్దరూ కిందపడబోతే హైమావతి పట్టుకుంది.

చెప్పిందే గట్టిగా చెబితే రాని పిల్లలకు చదువు రాదు. ఎక్కడ తప్పిపోయారో వెతికి, అక్కడికి మనమే వెళ్ళి, చేయి పట్టుకుని నడిపించుకొస్తేనే వస్తుంది.