సద్దులేనమ్మ కొలువైన ఉల్లంకితిప్ప

ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, ఉప్పుపర్ర అనే బురదనేల అంచున, తాటాకు పందిరి కింద సద్దులేనమ్మ కొలువై ఉన్నది. ఎదురుగా నీటి నడుమ పొడవాటి ఇసుకమేట కనిపిస్తుంది. అదే ఉల్లంకితిప్ప. అమ్మవారు తిప్పవైపు తిరిగి కూర్చున్నందున దర్శనానికి వచ్చినవారికి ఆమె వీపే కనిపిస్తుంది. ఇక్కడ గంట లేదు, డప్పు లేదు. ఇదేమి గుడి అని అడిగేవారికి పల్లె పెద్దలు ఈ కథ చెబుతారు.

పూర్వం ఇక్కడ అమ్మవారి శిల తిప్ప మీదనే ఉండేది. చలికాలం వచ్చిందంటే ఏ దేశాల నుంచో ఉల్లంకి పిట్టలు వేలాదిగా దిగేవి. నీరు తీసిన వేళ బురదలో పురుగులు ఏరుకుని, పోటుకు పర్ర మునగగానే తిప్ప మీదకు చేరి ఒంటికాలిపై కునుకు తీసేవి. మంచు కమ్మిన ఉదయాలలో తీరం కానరాకపోయినా, వాటి కలకలం విని పడవలవారు తిప్పను తప్పించుకుని మొగలోకి వచ్చేవారు.

ఆ మత్స్యకార పల్లెలో కాసులమ్మ అనే ఇల్లాలు ఉండేది. ఆమె భర్త పేరు గురువులు. ఒకసారి అతడు చేపల వేటకు పోయి గాలివానలో చిక్కుకున్నాడు. అతడు బతికి వస్తే తిప్ప మీద డప్పులతో జాతర చేయిస్తానని ఆమె మొక్కుకున్నది. అందరూ ఆశ వదులుకున్నాక అతడు వచ్చాడు. తీరా మొక్కు తీర్చబోతే అతడే వారించాడు.

"తిప్ప మీద వద్దు కాసులూ. పోటుకి పిట్టలు పోయేందుకు ఇంకో చోటు లేదు."

"నిన్నిచ్చిన తల్లి కంటే పిట్టలెక్కువా మావా?"

ఆమె మాటే నెగ్గింది.

నీరు నిండుగా ఉంటేనే పడవలు తిప్ప అంచుకు చేరతాయి కనుక డప్పులు పోటువేళనే మోగాయి. పిట్టలు లేచి, సుడి తిరిగి, దిగబోయి, మళ్ళీ లేచాయి. ఆ జాతర చూసి తక్కినవారూ మొక్కుకున్నారు. చలికాలమంతా తిప్ప మీద సందడే. వాలే చోటు లేక సొమ్మసిల్లిన పిట్టలు అలలకు కొట్టుకువచ్చాయి. కాసులమ్మ ఒకదాన్ని చేతిలోకి తీసుకుంటే రొమ్ము ఎముక కత్తి అంచులా వేలికి తగిలింది. ఎవరికీ చెప్పక ఇసుకలో పూడ్చింది. మరుసటి చలికాలం పిట్టలు రాలేదు.

ఆ పుష్యమాసంలో ఒక ఉదయం ముందున్న మనిషి కానరానంత మంచు. మొగ బయట గురువులు పెట్టిన కేక వినిపించింది. కాసులమ్మ ఒడ్డున నిలబడి గొంతు చించుకుని పిలిచింది. ఆ గొంతును గుర్తుపట్టి అతడు పడవను నేరుగా అటే నడిపాడు. నడుమ తిప్ప ఉన్నది, దాని జాడ చెప్పే పిట్టలు లేవు. మంచు విడిచాక తిప్ప అంచున తిరగబడిన పడవ దొరికింది గానీ గురువులు దొరకలేదు.

కాసులమ్మ తిప్ప మీదకు పోయి, అన్నం నీళ్ళు మాని, అమ్మ శిల ముందు పడుకున్నది. మిట్టమధ్యాహ్నం కన్ను మూతపడగా కలలో అమ్మ కనిపించింది. పాలిచ్చే తల్లి కళ్ళలా ఆమె కళ్ళు నిద్రలేక ఎర్రబారి ఉన్నాయి.

"నా మావను ఇయ్యి తల్లీ," అన్నది కాసులమ్మ.

అమ్మ ఇలా అన్నదట.

"పోయినవాణ్ణి ఇవ్వలేను. నన్ను ఒడ్డుకు తీసుకుపోయి నా బిడ్డలైన పిట్టల వైపు తిప్పి కూర్చోబెట్టు. వాటిని నిద్రపోనివ్వండి. అవి తిరిగి వస్తే, రేపు వచ్చేవాళ్ళకైనా దారి దొరుకుతుంది."

దుఃఖంతో మతి తప్పిందని కొందరు అన్నారు. అయినా మంచు భయం లేని ఇల్లు ఆ పల్లెలో లేదు. కులపెద్దే పూనుకుని శిలను ఒడ్డుకు చేర్పించాడు. ప్రతి చలికాలం పోటువేళ కాసులమ్మ శిల పక్కన కూర్చుని, తిప్పవైపు పోబోయేవారిని చేయెత్తి ఆపేది. ఏళ్ళు ఉత్తగానే గడిచాయి. ఆమె తల నెరిసిన తరువాత ఒకనాడు చిన్న గుంపు దిగింది. ఏడుపు పైకి వినిపించకుండా ఆమె కొంగు నోట కుక్కుకున్నది.

నేటికీ కార్తికం నుంచి ఫాల్గుణం దాకా పోటువేళ ఎవరూ తిప్ప మీద అడుగు పెట్టరు. పల్లెలో కుక్కలను కట్టివేస్తారు. బండ్లమీద విహారానికి వచ్చేవారిని ఆడవారే దండం పెట్టి ఆపుతారు. అందరూ ఆగరు. పిట్టలు మునుపటంత రావడం లేదని పెద్దలు అంటారు. సద్దు చేయక కొలిచినవారి పడవ క్షేమంగా ఒడ్డు చేరుతుందని ఇక్కడి నమ్మకం. మంచు ఉదయాలలో, వేటకు వెళ్ళినవారి ఇల్లాండ్రు అమ్మ వెనుక కూర్చుని పిట్టల కలకలం కోసం చెవి ఒగ్గి వింటారు. మగడు తిరిగిరాని ఆడవారు కూడా వస్తారు. ఎందుకు వచ్చావని వారిని ఎవరూ అడగరు, జరిగి చోటిస్తారు.