రూపాయెత్తు

సోమలింగాచారిగారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. కనిగిరి చుట్టుపక్కల పల్లెల్లో దగ్గుకూ, ఉబ్బసానికీ, పసిపిల్లల కడుపునొప్పికీ నాటుమందు ఇచ్చే పెద్దమనిషి ఆయన. ఆరేళ్ళుగా ఆయన దగ్గర మందులు నూరుతున్న ఓబులేసుకు ఈ అలవాటు బాగా తెలుసు. తెలిసి కూడా ఆ రోజు ఉండబట్టలేక అడిగేశాడు.

అడగడానికి కారణం గుమ్మం పక్కన ఉండే ఇత్తడి పళ్ళెం. మందు పుచ్చుకున్నవాళ్ళు అందులో ఒక రూపాయి బిళ్ళ వేసి వెళతారు. ఆచారిగారి తాత రోజుల్లో అర్ధణా వేసేవారట. అణాలు పోయాక, తండ్రి హయాంలో పావలా అయింది. పావలాలు చెల్లవన్నాక రూపాయి అయింది. అంటే ఆ ఇంట్లో ఏనాడూ ఎవరూ రేటు పెంచిన పాపాన పోలేదు. నాణెం చచ్చిపోయినప్పుడల్లా అదే పెరిగింది. ఈ లెక్క తలుచుకుంటే ఓబులేసుకు ఒళ్ళు మండేది.

"గురువుగారూ, మీ నాయన కాలంలో పావలాకి ఇద్దరు కడుపునిండా తినేవాళ్ళంట. ఇప్పుడు రూపాయికి అగ్గిపెట్టె కూడా రాదు. పిప్పళ్ళు కిలో వెయ్యి దాటినాయి. నిన్న కొట్లో ముప్పై రూపాయల చిల్లర పోస్తే, 'మీరు వైద్యం చేస్తన్నారా, అడుక్కుంటన్నారా' అన్నాడు కొట్టాయన. అర్ధణా చచ్చినాక పావలా, పావలా చచ్చినాక రూపాయి! ఇప్పుడు ఈ రూపాయి కూడా చచ్చిందాకా మనం ఇట్టాగే కూచోవాల్నా? యాభై చేద్దాం. ఏమంటారు?"

ఆచారిగారు గోనెసంచి దులిపి మడత పెట్టుకుంటూ ఉన్నారు. "రేపు మూలికల కోసం అడవికి పోతన్నా. పది రోజులు పడుద్ది. వెంగమ్మ దగ్గుకి కషాయం ఈసారి నువ్వే కాచు. తాత పుస్తకం పెట్టెలో ఉంది, తక్కెడా ఉంది. నేనొచ్చినాక మాట్లాడుకుందాం" అన్నారు. ఇది జవాబా? ఓబులేసు పళ్ళు నూరుకుని ఊరుకున్నాడు.

వెంగమ్మ ఆకుకూరలు అమ్ముతుంది. గంప నెత్తిన పెట్టుకుని నాలుగు వీధులూ కేక వేసుకుంటూ తిరుగుతుంది. ఆటోల్లో వచ్చేవాళ్ళకు మైకులున్నాయి, ఆమెకు గొంతు ఒక్కటే ఉంది. దగ్గు పట్టుకుని ఆ గొంతు కాస్తా బొంగురుపోయింది. ఆమె కేక వినబడకపోతే ఎవరూ తలుపు తియ్యరు, సాయంత్రానికి గోంగూర వాడిపోతుంది, మర్నాడు కొనడానికి చేతిలో డబ్బు ఉండదు. అందుకే ఆమె సంగతి ఆలస్యం చెయ్యడానికి వీల్లేదని ఆచారిగారు వెళుతూ వెళుతూ మళ్ళీ చెప్పారు.

ఓబులేసు పుస్తకం తీశాడు. ఇన్నేళ్ళలో అతను నూరడమూ కాచడమూ చేశాడే గాని తూచింది లేదు. ఆచారిగారికి చెయ్యే తక్కెడ. గుప్పిట్లోకి తీసుకుంటే సరిపోతుంది. పుస్తకంలో మాత్రం తాతగారి రాత గుండ్రంగా, స్పష్టంగా ఉంది: ఎండిన అడ్డసరం ఆకు అయిదు రూపాయలెత్తు, శొంఠి రెండు రూపాయలెత్తు, పిప్పళ్ళు రూపాయెత్తు, చెంబెడు నీళ్ళు, సగానికి మరిగించాలి. ఓబులేసు పెట్టె అంతా వెతికాడు. తూకపురాళ్ళు కనబడలేదు. వెతకడం దేనికి, రూపాయలెత్తు అని రాసి ఉంటే రూపాయలు పెడితే పోలేదా అనిపించింది. పళ్ళెంలోంచి ఒక అయిదు రూపాయల బిళ్ళా, ఒక రెండు రూపాయల బిళ్ళా, ఒక రూపాయి బిళ్ళా ఏరాడు. ఈ దిక్కుమాలిన చిల్లర ఇన్నాళ్ళకు ఒక పనికొచ్చిందని నవ్వుకున్నాడు కూడా. అయిదు రూపాయల బిళ్ళకు ఆకు పిడికెడైనా తూగలేదు. పెద్దవాళ్ళ లెక్క మనకేం తెలుస్తుందిలే అనుకుని పొయ్యి వెలిగించాడు.

మూడు రోజులైంది. వెంగమ్మ దగ్గు తగ్గలేదు. కాచింది చాలలేదేమోనని మళ్ళీ కాచాడు. నీళ్ళు మంచివి కావేమోనని బోరు నీళ్ళు మాని బావి నీళ్ళు తెచ్చాడు. అయిదో రోజున ఆమె మీద విరుచుకుపడ్డాడు. "పెరుగు తింటన్నావు గదా? నిజం చెప్పు!" అన్నాడు. ఆమె రెండు చేతులూ అడ్డంగా ఊపింది. మాట్లాడబోతే గాలి తప్ప మాట రాలేదు. పళ్ళెంలో రూపాయి వేసి, సీసా కొంగులో దాచుకుని వెళ్ళిపోయింది. ఎనిమిదో రోజుకల్లా ఆమె గంప ఇంట్లోనే ఉండిపోయింది. ఓబులేసుకు అన్నం సయించడం మానేసింది. తన చేతిలో ఏదో దోషముందనీ, ఆరేళ్ళూ వృథా అయిపోయాయనీ, గురువు రాగానే ఒక దణ్ణం పెట్టి వెళ్ళిపోవాలనీ అనుకున్నాడు.

పదకొండో రోజు ఆచారిగారు వచ్చారు. వెంగమ్మ సంగతి వినగానే, కాళ్ళయినా కడుక్కోకుండా కషాయం ఒక గుక్క నోట్లో పోసుకుని, అక్కడే ఉమ్మేశారు. "ఎట్టా తూచావు?" అన్నారు. ఓబులేసు మూడు బిళ్ళలూ చూపించాడు. ఆయన నెత్తి కొట్టుకున్నారు. పూజ గూట్లోంచి నల్లబడిన వెండి రూపాయి ఒకటి తీసి తక్కెడలో ఒక పక్కన వేశారు. తాతగారు ఆ పుస్తకం రాసేనాటికి రూపాయంటే ఇది. తూకపురాయి లేని ఇంట్లో ఈ బిళ్ళతోనే మందులు తూచుకునేవారు.

"రెండో పక్క మన రూపాయలు వెయ్యి" అన్నారు. ఓబులేసు పళ్ళెంలోంచి ఒకటి వేశాడు. వెండి రూపాయి కదలలేదు. రెండు వేశాడు. మూడు వేశాడు. మూడు వేసినా అది ఇంకా కిందికే ఉంది. నాలుగోది వేస్తే గాని లేవలేదు. అవన్నీ తీసేసి అయిదు రూపాయల బిళ్ళ ఒక్కటి వేశాడు. అయిదు రూపాయలు కలిసి ఆ ఒక్క రూపాయిని లేపలేకపోయాయి.

ఎవరైనా అయితే అక్కడ సిగ్గుపడేవాళ్ళు. ఓబులేసుకు మాత్రం అన్నాళ్ళ ఉక్రోషం ఒక్కసారి తన్నుకొచ్చింది. "చూశారా మరి! నేను మొత్తుకునేది ఇదేగా! రూపాయి ఇంత పలచనైపోయింది. మనం మాత్రం తాతలనాటి మందు తాతలనాటి లెక్కన ఇయ్యాలంట. ఇప్పటికైనా రేటు పెంచుదాం అనండి!"

గుమ్మంలో వెంగమ్మ ఖాళీ సీసాతో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విన్నదో తెలియదు. అలవాటు ప్రకారం ముందు పళ్ళెంలో రూపాయి వేసింది.

"ఏమ్మా, పది రోజులు తాగినావు. గుణం లేదని ఒక్క మాటైనా చెప్పలేదేం?" అన్నారు ఆచారిగారు.

వెంగమ్మ గొంతు కూడదీసుకుంది. వినడానికి ఇద్దరూ ముందుకు వంగవలసి వచ్చింది.

"ఎవరినని ఏం లాభం సామీ? ఈ కాలంలో రూపాయికి ఏమొచ్చుద్ది. ఇంతే వచ్చుద్దిలే అనుకున్నా."

ఓబులేసు ఆమె వంక చూడలేకపోయాడు. లేచి, పాత కషాయం పెరట్లో పారబోసి, కుండ తోమాడు. వెండి రూపాయిని తక్కెడలో ఒక పక్కన పెట్టి రెండో పక్క ఆకు వెయ్యడం మొదలుపెట్టాడు. ఒకసారి, రెండుసార్లు, అయిదుసార్లు తూచాడు. చాటలో ఆకు కుప్పగా లేచింది. ఇన్నాళ్ళూ తను వేసింది ఇందులో పదో వంతు ఉంటుందేమో. పొయ్యి రాజుకున్నాక, తల ఎత్తకుండానే, "ఈ రూపాయి చూపించకుండా వెళ్ళారు గదండీ" అన్నాడు.

"అవును, అది నా తప్పే" అన్నారు ఆచారిగారు, వెంగమ్మకు పీట జరుపుతూ. "రేటంటావా, పెంచుదాంలే. ఈమెకి మనం ఎంత తగ్గించి ఇచ్చామో ముందు తేలనీ."